దూలమును మోయు వాయువు

ఎద్దులబండి తోలు రైతు ఇల్లు చేరిన పిమ్మట ఎద్దులను విప్పుటకు ముందు చేయు పని యేది? కాడి క్రింద ఒక కర్రను నిలుపును. ఆ కర్ర గట్టిగా నిలిచినదో లేదో చూచుకొనిన తరువాతనే ఎద్దుల మెడలనుండి పలుపులు విప్పును. అంతవరకు బండి ముందుభారమును మోసినవి ఎద్దులు. ఇకమీదట మోయవలసినది ఆ కర్ర. ఒక ఆధారమును తొలగించుటకు పూర్వమే మరియొక ఆధారము సిద్ధముగా నుండవలెనని ఆ రైతునకు ఎవరును పుస్తకము చదివి చెప్పలేదు. నేడు మేము మనవి చేయబోవు విషయము ఎద్దులబండికి చాల దూరమైనది. సముద్రముపై తెరచాపతో నడచు పడవలోని ఒక చిన్న యంత్రభాగమును, అది చెడినప్పుడు మార్చు విధమును గూర్చినది. అయినను దాని సారమంతయు ఆ రైతు చేతికర్రలోనే యున్నది.

హైదరాబాదునందు హుస్సేను సాగరుపై గాలివాటున పరుగులెత్తు పందెపు పడవలను చూచినవారికి తెరచాప అమరిక కొంత తెలిసియే యుండును. పడవ మధ్య నిట్టనిలువుగా నుండునది స్తంభము. స్తంభపు క్రిందిభాగమున కీలుతో బిగింపబడి, పడవ వెనుకవైపునకు అడ్డముగా చాగియుండునది దూలము. నావికులు దీనిని బూము అందురు. తెరచాప ముందంచు స్తంభమును, క్రిందియంచు దూలమును అంటియుండును. గాలి నిండినప్పుడు దూలము పైకి లేవజూచును. అది లేచినచో తెరచాప పైభాగము మెలిపడి గాలిని వృథాగా జారవిడుచును. అట్లు కాకుండుటకై దూలమునుండి స్తంభపాదమునకు ఏటవాలుగా, కప్పీలతో కూడిన ఒక తాడును బిగింతురు. దానికి వ్యాంగు అని పేరు. ఇంగ్లండునందు కిక్కరు అనియు వ్యవహరింతురు. దూలమును ఇటునటు పోనీయక పట్టియుంచు తాడు వేరొకటి యున్నది. దానిని మనము పగ్గము అనుకొందము.

చిన్న పడవలకు ఇంతమాత్రము చాలును. పెద్ద పడవల విషయము వేరు. పదిమీటర్ల పడవలో దూలము నాలుగు మీటర్ల పొడవుండుట సామాన్యము. తెరచాప ఎగిరియున్నంతసేపు తెరచాపయే దూలమును పైకి పట్టియుంచును. తెరచాప దించిన మరుక్షణము దూలమునకు దిక్కెవ్వరు? పూర్వము స్తంభశిఖరమునుండి దూలపు వెనుకకొన వరకు ఒక తాడు కట్టెడివారు. దానిని కొనతాడు అందము. నేటికిని అనేక పడవలలో అది యున్నది. కాని అది తెరచాప వెనుక అంచును రాచి, దానిని అరగదీయును. అందుచేత తరువాతివారు మరియొక ఉపాయము కనుగొనిరి. వ్యాంగు తాటికి తోడుగా, ఒకదానిలో నొకటి జొరబడు రెండు లోహపు గొట్టములను అమర్చి, వాని లోపల ఒక స్ప్రింగును పెట్టిరి. తాడు దూలమును క్రిందికి లాగును. గొట్టము పైకి నెట్టును. కొన్నింటిలో ఈ స్ప్రింగు ఉక్కుతీగ చుట్ట. మరికొన్నింటిలో అది వాయువు. ఈ రెండవదానినే గ్యాసు స్ప్రింగు అందురు. మోటారుకారు వెనుక డిక్కీ తలుపును ఎత్తి నిలుపునట్టిదియు, కార్యాలయములలో తిరుగుడు కుర్చీని పైకి లేపునట్టిదియు ఈ జాతివే.

ఈ చిన్న గొట్టము మాకు పాఠము చెప్పిన సంగతి ఒకటి కలదు. అది 2019వ సంవత్సరము అక్టోబరు మాసము. ఇంగ్లండు దక్షిణతీరమునకును వైట్ ద్వీపమునకును నడుమ సోలెంట్ అను జలసంధి యున్నది. 1851లో అమెరికా కప్పుగా తరువాత పేరుగాంచిన పందెము మొదటిసారి జరిగినది ఆ ద్వీపము చుట్టునే. ఆ ప్రాంతమున హాంబుల్ నదిలో మా మిత్రుని పడవ నిలిచియుండెడిది. అది మరియొకరు ఏండ్లతరబడి వాడి అమ్మిన పడవ. వారెవరో గ్యాసు స్ప్రింగు ఉన్నదికదా యని కొనతాడును ఏనాడో విప్పి తీసివేసియుండిరి.

అప్పటికి మూడువారములుగా మాకొక వింత కనబడుచుండెను. తెల్లవారి పడవ నెక్కునప్పటికి దూలపు కొన జానెడు వ్రాలియుండెడిది. మధ్యాహ్నము ఎండపొడ తగిలి, పడవ నాలుగు ఊపులు ఊగునప్పటికి అది మరల యథాస్థానమునకు లేచియుండెడిది. మధ్యాహ్నమున సరిపోయినదానిని చెడినదని అనుకొనుటకు మనస్సొప్పలేదు. తీరిక దొరికినప్పుడు చూతమని వాయిదా వేసితిమి.

ఆనాడు మిత్రుడును, పండ్రెండేండ్ల ఆయన కుమార్తెయు మాతో నుండిరి. ఆ బాలిక పడవలోని వస్తువు ప్రతిదానిని గూర్చి అడుగుచు, దూలమును చూపి, "మామయ్యగారూ, తెరచాప దించేస్తే ఈ దూలాన్ని ఎవరు పట్టుకుంటారు?" అనెను. "ఆ గొట్టం పట్టుకుంటుందమ్మా" అని చెప్పి ఊరకుంటిమి.

సాయంకాలము చలిగాలి తిరిగినది. సన్నని వాన కురిసి తెరచాప తడిసినది. నదీముఖము చేరి తెరచాపను దించితిమి. తడిసిన గుడ్డ భారమంతయు ఒక్క పెట్టున దూలముపై పడగానే, దూలము ఆగక క్రిందికి వచ్చెను. దాని కొన, ఆ బాలిక అరనిమిషము క్రితము కూర్చుండిన బల్ల అంచును తాకి నిలిచెను. ఆ చెక్కపై పడిన గాటు చెరుగలేదు. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆమె తాడు చుట్టుటకై ముందుకు జరిగియుండుటయే అందులకు కారణము గాని మా జాగ్రత్త కాదు. ఆమె తన ప్రశ్నను మరల అడుగలేదు. అడిగియుండినచో మావద్ద సమాధానము లేదు.

ఆ సమాధానమును తరువాత వెదకుకొంటిమి. సైకిలుపంపు మూతిని బొటనవ్రేలితో మూసి, పిడిని లోనికి అదిమి చూడుడు. లోపలి గాలి అణగును. చేయి వదలగానే పిడిని వెనుకకు నెట్టును. 1660వ సంవత్సరమున రాబర్టు బాయిల్ ఆక్స్‌ఫర్డునందు ప్రకటించిన గ్రంథమునకు గాలియొక్క స్ప్రింగును గూర్చిన ప్రయోగములనియే పేరు. పీడనము పెరిగినకొలది వాయువు ఘనపరిమాణము తగ్గునను నియమమును ఆయన 1662లో వెల్లడించెను. గ్యాసు స్ప్రింగున కంతటికిని ఆ నియమమే పునాది.

దీని నిర్మాణము సులభమైనది. మూతలు బిగించిన ఒక ఉక్కు గొట్టము. అందులో అధిక పీడనమున నింపిన నత్రజని. లోపల ఒక పిస్టను, దానినుండి బయటికి వచ్చు నునుపైన కడ్డీ. కడ్డీ బయటికి వచ్చుచోట వాయువు వెడలిపోకుండ రబ్బరు సీలు. సీలు ఎండిపోకుండ కొద్దిగా నూనె. నత్రజనినే ఏల నింపుదురనగా, అది మండునది కాదు, లోహమును తినునది కాదు, చవుకగా దొరకునది. పిస్టనులో సన్నని రంధ్రముండుటచేత పిస్టనుకు రెండు ప్రక్కల వాయుపీడనము సమానముగానే యుండును. మరి కడ్డీ బయటికి ఏల నెట్టబడును? పిస్టనుకు ఒకవైపున వాయువు పూర్తి వైశాల్యముపై ఒత్తును. కడ్డీ యున్న రెండవవైపున కడ్డీ మందమంత చోటు దానికి చిక్కదు. ఆ మేరకు తోపు మిగిలిపోవును. కాబట్టి పీడనమును కడ్డీ అడ్డుకోత వైశాల్యముచేత గుణించిన యెడల తోపు వచ్చును. ఆ సన్నని రంధ్రముగుండా వాయువు మెల్లగా పోవుటచేతనే కడ్డీ ఎగిరిపడక నిదానముగా కదలును.

ఒక లెక్క వేసి చూతము. నాలుగు మీటర్ల దూలము 20 కిలోలు, దానిపై చుట్టిన తెరచాప 15 కిలోలు అనుకొందము. మొత్తము 35 కిలోలు. ఆ భారము కీలునుండి రెండు మీటర్ల దూరమున నున్నట్లు భావింపవచ్చును. గొట్టము పైకొన కీలునుండి 1.2 మీటర్ల దూరమున దూలమునకును, క్రిందికొన కీలునకు ఒక మీటరు క్రిందుగా స్తంభమునకును తగిలింపబడినదనుకొందము. అప్పుడు కీలునుండి గొట్టపు రేఖకు లంబదూరము 0.77 మీటరు మాత్రమే. ఏతముతో నీరు తోడినవారికి ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు. ఆధారము దగ్గరగా, బరువు దూరముగా నున్నప్పుడు తోపు మిక్కుటముగా నుండవలెను. 35ను 2 చేత గుణించి 0.77 చేత భాగించిన 91 వచ్చును. అనగా 35 కిలోల దూలమును నిలుపుటకు గొట్టము 91 కిలోల తోపు నీయవలెను. అంతేకాదు, గొట్టము జానెడు కుంగినచో దూలపు కొన మీటరునకు పైగా దిగివచ్చును. దూలము క్రింద కూర్చున్నవారి తల ఉండునది ఆ కొనవద్దనే.

ఇప్పుడు వాయువు వైపు చూతము. 14 మిల్లీమీటర్ల కడ్డీకి అడ్డుకోత వైశాల్యము 1.54 చదరపు సెంటీమీటర్లు. లోపలి పీడనము 100 బార్లు అయినచో తోపు సుమారు 1,540 న్యూటనులు, అనగా 157 కిలోల బరువునకు సమానము. అవసరమైనది 91. కావున క్రొత్తగా నున్నప్పుడు దూలము తేలికగా నిలుచును. ఏండ్లు గడచి వాయువు కొంచెము కొంచెముగా జారి పీడనము 60 బార్లకు దిగినదనుకొందము. అప్పుడు తోపు 94 కిలోలు. ఇంకను 91కి పైననే యున్నది. చూచువారికి లోపమేమియు కనబడదు. కాని ఈ లెక్క 20 డిగ్రీల వేడిమివద్ద వేసినది. వాయువు చల్లబడిన పీడనము తగ్గును. పది డిగ్రీలకు నూటికి మూడున్నర పాళ్ళు తగ్గునని చెప్పవచ్చును. 5 డిగ్రీల చలిలో ఆ 94 కాస్తయు 89 అగును. 89 కిలోల తోపు 91 కిలోల పని చేయజాలదు. దూలము వ్రాలును. ఎండ తగిలిన మరల లేచును.

మాకు మూడువారములు కనబడిన వింత ఇదియే. మధ్యాహ్నము చూచి బాగున్నదనుకొంటిమి. నిజము చెప్పినది తెల్లవారుజాము. ఆధారము బలమును కొలువవలసినది దానికి అనుకూలమైన గడియలో కాదు; ప్రతికూలమైన గడియలో. ఆనాటి సాయంకాలము చలియు, తడిసిన గుడ్డ భారమును, అది పడిన ఊపును ఒక్కసారిగా తోడైనవి.

వాయువు ఏల జారినదో చూచుటకు గొట్టమును విప్పవలసివచ్చినది. విప్పుటకు ముందు దూలమునకు మరియొక ఆధారము కల్పించుట మొదటిపని. గాలి లేని ప్రొద్దున, పడవను రేవునకు నాలుగువైపుల కట్టి, తెరచాపను దూలమునుండి పూర్తిగా తీసి ప్రక్కన పెట్టితిమి. తెరచాపను పైకి లాగు ఎత్తుతాడు స్తంభశిఖరమునుండి వచ్చును. అది ఖాళీగానే యున్నది. దాని కొనను దూలపు వెనుకకొనకు ముడివేసి, దూలమును సమమట్టమునకు కొంచెము పైగా ఎత్తి బిగించితిమి. ఒక తాటిని నమ్ముకొనుట చాలదు. స్తంభశిఖరమునుండి వచ్చు మరియొక తాటిని కూడ, మొదటిదానితో సంబంధము లేకుండ, కట్టితిమి. దూలము ప్రక్కలకు ఊగకుండ పగ్గమును, మరియొక త్రాడును ఇరువైపుల బిగించితిమి. దూలమును చేతులతో క్రిందికి గట్టిగా లాగి చూచిన పిమ్మటనే వ్యాంగు తాటిని వదులు చేసితిమి. పని ముగియువరకు దూలము క్రింద ఎవరును కూర్చుండరాదని నియమము పెట్టుకొంటిమి.

గొట్టము రెండు కొనలయందు ఒక్కొక్క ఉక్కు చీల యున్నది. చీలను తీయుటలో ఒక గురుతు కలదు. దూలమును ఎత్తుతాటితో మెల్లగా ఎత్తుచు, చీలను వ్రేళ్ళతో త్రిప్పి చూచుచుండవలెను. గొట్టము పూర్తిగా సాగిన స్థితిలో, భారమంతయు తాళ్ళపైకి పోయిన క్షణమున చీల వ్రేళ్ళకే తిరుగును. సుత్తితో కొట్టి తీయవలసివచ్చినచో భారము ఇంకను దానిపైననే యున్నదని యర్థము. అప్పుడు సుత్తిని క్రింద పెట్టి తాటిని సవరింపవలెను. బలము చూపవలసిన చోటు అది కాదు. చీలలును, వాని ఉంగరములును నీటిలో పడకుండ క్రింద ఒక గోనెపట్టా పరచితిమి. చిన్నవస్తువు జారిపడినచో సముద్రము తిరిగి ఈయదు.

గొట్టమును రేవుమీదికి తెచ్చి మంచినీటితో కడిగి చూచినప్పుడు కారణము తెలిసినది. వెలుపలి గొట్టము అల్యూమినియము. లోపలి మరలు తుప్పుపట్టని ఉక్కు. రెండు వేరు లోహములు ఉప్పునీటిలో తాకియున్నచో అది ఒక చిన్న విద్యుద్ఘటమువలె పనిచేయును. అల్యూమినియము తినబడి తెల్లని పొడి యగును. ఆ పొడి మరలను కరచి పట్టియుండెను. వెలుపలి గొట్టము అడుగున నీరు పోవుటకు చేసిన రంధ్రములు ఉప్పుతో పూడిపోయినవి. లోనికి చేరిన ఉప్పునీరు అచ్చటనే నిలిచి, కడ్డీపై పొక్కులు తెచ్చినది. పొక్కులు పడిన కడ్డీ లోనికి బయటికి ఆడినప్పుడెల్ల రబ్బరు సీలును ఆకురాయివలె గీచినది. సూదిమొన యంత రంధ్రము పూడుటచేత ఇంత జరిగినది. ఏడాదికి నాలుగుసార్లు ఒక పుల్లతో పొడిచి, ఒక చెంబెడు మంచినీరు పోసియుండిన ఆ స్ప్రింగు ఇంకను కొన్నేండ్లు పనిచేసెడిది.

పట్టుకొనిన మరలను విడిపించుటకు నిప్పుసెగ చూపుట కొందరి అలవాటు. ఇక్కడ అది ప్రాణాపాయము. లోపల అధిక పీడనమున వాయువున్నది. అది దూలమును మోయజాలనంత బలహీనమైనదేగాని ఖాళీ అయినది కాదు. 60 బార్లనగా మోటారుకారు చక్రములోని గాలికంటె ఇరువదిరెట్లు మించిన పీడనము. కాబట్టి మరలకు నూనె పట్టించి, ఒక రాత్రి నాననిచ్చి, మరునాడు కొయ్యసుత్తితో గొట్టమును చుట్టును తేలికగా తట్టితిమి. మూడవ ప్రయత్నమున మర కదలినది. ఇట్టి పనిలో ఓర్పు కూడ ఒక పనిముట్టు.

పాత స్ప్రింగు చేతికి వచ్చిన పిమ్మట దాని కొలతలు వ్రాసికొనవలెను. పూర్తిగా సాగినప్పుడు ఒక కొననుండి మరియొక కొనకు పొడవు, కడ్డీ లోనికి పోగల మేర, కడ్డీ మందము, గొట్టపు మందము, కొనలయందలి మరచుట్టు పరిమాణము. వీనికితోడు న్యూటనులలో తోపు ఎంతయో సాధారణముగా గొట్టముపై అచ్చువేసియుందురు. మా దానిపై ఆ అంకె సగము చెరిగిపోయినందున పడవపరికరములు తయారుచేసినవారి పట్టికను చూచి సరిపోల్చుకొంటిమి. వచ్చినకాడికి ఎక్కువ బలమైనదే మేలని తోచుట సహజము, మాకును తోచినది. అది పొరపాటు. స్ప్రింగు మితిమీరి బలమైనచో వ్యాంగు తాడు దానిని అణచలేదు. దూలము పైననే నిలిచి, తెరచాప ఆకారము చెడును. కీలుపైనను, చీలలపైనను ఒత్తిడి పెరుగును. పడవ నిర్మించినవారు ఎంచిన తోపే తగినది.

క్రొత్తదానిని అమర్చుటయందు మూడు సంగతులు ముఖ్యమైనవి. మొదటిది, తయారుచేసినవారు వేరువిధముగా చెప్పనిచో కడ్డీ క్రిందివైపునకు ఉండునట్లు పెట్టవలెను. అప్పుడు లోపలి నూనె క్రిందికి చేరి సీలును ఎల్లప్పుడు తడిగా నుంచును. రెండవది, కడ్డీని ఎన్నడును పట్టుకారుతో పట్టరాదు. వెండ్రుకవాసి గీత పడినను సీలు ఆయుస్సు అక్కడికి సరి. మరచుట్టును చేతితో త్రిప్పి, బిగింపవలసినచో కొనముక్కను మాత్రమే పట్టవలెను. మూడవది, ఉక్కుమరలకు అల్యూమినియమునకు నడుమ లోహములను వేరుచేయు లేపనమును పూయవలెను. లేనిచో తెల్లని పొడి మరల పుట్టును. రంధ్రములను శుభ్రము చేయుట చెప్పనక్కరలేదు.

గొట్టమును తిరిగి స్తంభమునకు, దూలమునకు తగిలించునప్పుడు అనుభవము లేనివారు చిక్కుపడుదురు. చీల రంధ్రములు ఒకదాని కొకటి కలియవు, కొంచెము దూరముండును. స్ప్రింగును అణచి కలుపుదమని ఇద్దరు మనుష్యులు దానిపై పడుదురు. 157 కిలోల తోపును చేతులతో అణచుట కుదరదు. జారినచో ముఖమునకు తగులును. చేయవలసినది అది కాదు. గొట్టము ఎంత పొడవున్నదో అంత పొడవుననే యుండనిచ్చి, దూలమునే ఎత్తుతాటితో పైకి లేపి రంధ్రములను కలుపవలెను. బరువును ఆధారమువద్దకు తేవలెను గాని ఆధారమును బరువుకొరకు వంచరాదు. మా దూలమును మరి నాలుగంగుళములు ఎత్తగానే చీల తనంతట లోనికి దిగినది. ఉంగరములు వేసి, వాని కొనలు తెరచాపను చింపకుండ పట్టీ చుట్టితిమి.

పిమ్మట పరీక్ష. వ్యాంగు తాటిని లాగి గొట్టమును సగము వరకు అణచి, మెల్లగా వదలి చూచితిమి, కుదుపులేక సాగినది. తరువాత ఎత్తుతాటిని ఒక అంగుళము వదలుట, ఆగి చూచుట. మరల ఒక అంగుళము వదలుట, ఆగి చూచుట. రెండు తాళ్ళును వదులైన తరువాత కూడ దూలము కదలలేదు. అంతటితో పని ముగిసినదని అనుకొనలేదు. తాళ్ళను వదులుగానే దూలమునకు ఉండనిచ్చి ఇంటికి పోయి, మరునాడు తెల్లవారకముందే వచ్చి చూచితిమి. పడవపై మంచు పేరియుండెను. దూలము నిన్నటి చోటనే యున్నది. ఈసారి మేము నమ్మినది ఆ తెల్లవారుజామును.

పాత స్ప్రింగును ఏమి చేయవలెను? పనికిరానిదికదా యని రంపముతో కోయుట, బెజ్జము వేయుట, చెత్తతోపాటు నిప్పులో వేయుట మిక్కిలి అపాయకరము. లోపలి వాయువు కడ్డీని తుపాకిగుండువలె విసరగలదు. పీడనమును తీయు పద్ధతి తెలిసిన పనివారికి, లోపలి సంగతి చెప్పి, అప్పగింపవలెను. మోటారుకార్ల డిక్కీ తలుపులవద్ద పనిచేయు మన ఊళ్ళ మెకానిక్కులకు కూడ ఈ హెచ్చరిక వర్తించును.

ఒడ్డున నున్నప్పుడు ఇవన్నియు సుఖముగా జరుగును. తీరము కనబడని చోట దుకాణములుండవు. 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి బయలుదేరి, 254 దినములలో భూమిని చుట్టి, 2018 మే 21వ తేదీన తిరిగివచ్చిన 'తారిణి' తెరచాప పడవలో భారత నౌకాదళపు మహిళా అధికారులు ఆరుగురుండిరి. వారిలో విశాఖపట్టణమునకు చెందిన స్వాతిగారును, హైదరాబాదునకు చెందిన ఐశ్వర్యగారును తెలుగువారు. అట్టి దూరయాత్రలలో ఏది చెడినను పడవలో నున్నవారే, ఉన్నవస్తువులతోనే, బాగుచేసికొనవలెను. ఆ దృష్టితో చూచినచో గ్యాసు స్ప్రింగునకు ఒక లోపము కలదు. తాడు చెడునప్పుడు నూలు లేచి కంటికి కనబడును. గొట్టములోని వాయువు జారుట కనబడదు. అది చెడినచోట ఎవరును బాగుచేయను లేరు, మార్చవలసినదే. కాబట్టి మేము క్రొత్త స్ప్రింగుతోపాటు కొనతాడును కూడ తిరిగి కట్టితిమి. తెరచాప ఎగిరియున్నప్పుడు అది వదులుగా స్తంభమువద్దకు లాగి కట్టబడియుండును, అంచును రాయదు. తెరచాప దించబోవునప్పుడు మాత్రము దానిని వెనుకకు తెచ్చి బిగింతుము.

మరుసటి వేసవిలో మిత్రుడు, ఆయన కుమార్తె, మేము మరల ఆ పడవలో పోతిమి. తిరిగి నదీముఖము చేరునప్పటికి ప్రొద్దుగ్రుంకుచుండెను. తెరచాప దించుటకై మేము ఎత్తుతాటి ముడిపై చేయి వేయబోవునంతలో ఆ బాలిక, "ఆగండి మామయ్యగారూ" అని లేచి, కొనతాటిని వెనుకకు తెచ్చి బిగించి, దూలమును రెండు చేతులతో క్రిందికి లాగి చూచెను. అది కదలలేదు. అప్పుడామె ప్రక్కకు జరిగి, "ఇప్పుడు దించండి" అనెను.